ఆ ఫోటోలో మూడో ఫ్యాన్ తిరగబడింది

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ టెక్నాలజీ పేజీలో కంప్యూటర్‌కి లిక్విడ్ కూలింగ్ (లోపలి వేడిని నీళ్లతో రేడియేటర్‌కి చేర్చి, అక్కడ ఫ్యాన్లతో చల్లార్చడం) గురించి సగం పేజీ వ్యాసం వేశారు. సవరణ వేస్తారేమోనని ఆ రోజు నుంచీ పేపరు తిరగేస్తూనే ఉన్నాను. సవరణ వచ్చింది, కాకపోతే గళ్లనుడికట్టు జవాబుకి. అక్కడ ఒక గుణింతం తప్పితే మర్నాడే సర్దుకున్న మీరు, రేడియేటర్‌కి ఫ్యాన్ తిరగేసి బిగించిన ఫోటో కింద 'సరైన అమరిక' అని రాసి పది రోజులైనా కిమ్మనలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ ఫోటో సంగతే చూద్దాం. క్యాబినెట్ ముందువైపు మూడు ఫ్యాన్ల రేడియేటర్. రెండు ఫ్యాన్లు మనకి ముఖం చూపిస్తున్నాయి, మూడోది వీపు చూపిస్తోంది. వీపంటే మోటారు మీద స్టిక్కరూ, ఆ మోటార్ని ఫ్రేముకి పట్టి ఉంచే కడ్డీలూ ఉన్న వైపు. మామూలు ఫ్యాన్ ముఖం వైపు నుంచి గాలి లాక్కుని ఈ కడ్డీల వైపు నుంచి వదులుతుంది. అంటే మొదటి రెండూ కష్టపడి లోపలికి తోసిన గాలిని మూడోది పక్కనుంచే బయటికి తోడేస్తోంది, అదీ వేడెక్కాక. రెక్కలు తిరగేసి చేసిన రివర్స్ ఫ్యాన్లు కూడా దొరుకుతాయని మీ రచయిత అనొచ్చు. దొరుకుతాయి. కానీ ఫోటోలో మూడింటి రెక్కల వంపూ ఒకే మోడల్‌ది, అందులో అనుమానం లేదు. చాలా ఫ్యాన్లకి ఫ్రేము అంచున రెండు బాణాలు కూడా ఉంటాయి, ఒకటి రెక్కలు తిరిగే దిశకి, ఇంకొకటి గాలి వెళ్లే దిశకి. ఫోటో తీసినాయన అవి చూడలేదు సరే, అచ్చుకి పంపే ముందు ఆఫీసులో ఇంకెవరూ చూడలేదా?

ఇక వ్యాసం. 'సీఎఫ్ఎమ్ ఎంత ఎక్కువ ఉంటే ఫ్యాన్ అంత మంచిది' అని పెద్దక్షరాల్లో వేశారు. అట్ట మీద ఉండే ఆ అంకె, ఫ్యాన్ ముందు ఏ అడ్డూ లేనప్పుడు నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కదులుతుందో చెప్పేది. రేడియేటరే పెద్ద అడ్డు కదండీ! దాని పక్కనే నీటి మిల్లీమీటర్లలో రాసే స్టాటిక్ ప్రెషర్ (ఫ్యాన్ గాలిని నెట్టే ఒత్తిడి) అంకె, గాలి అసలు కదలకుండా మూసేసినప్పటిది. నిజంగా వాడేటప్పుడు ఫ్యాన్ ఈ రెండింటి మధ్యలో ఎక్కడో పనిచేస్తుంది. ఎక్కడ అన్నది ఫ్యాన్ గ్రాఫూ, రేడియేటర్ ఎంత అడ్డుకుంటుందన్న గ్రాఫూ కలిసే చోట తేలుతుంది. ఆ గ్రాఫు అచ్చేసే కంపెనీలు తక్కువ. రంగురంగుల లైట్లు ఎన్ని ఉన్నాయో మాత్రం అన్నీ అచ్చేస్తాయి.

ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, ఒక టిష్యూ కాగితం ముక్క చాలు. రెక్కల మధ్య సందులెక్కువున్న కేస్ ఫ్యాన్‌ని దట్టమైన రేడియేటర్‌కి బిగించి తిప్పి, కాగితాన్ని ఫ్యాన్ ముఖం ముందు పట్టుకోండి. లోపలికి అంటుకుపోవాల్సిన కాగితం ఒక్కోసారి మన మీదకే రెపరెపలాడుతుంది. అవతలికి పోలేని గాలిని ఫ్యాన్ వెనక్కి ఉమ్మేస్తోందన్నమాట. వెడల్పాటి రెక్కలు ఫ్రేముకి దాదాపు ఆనుకుని తిరిగే ఫ్యాన్ పెట్టి చూడండి, కాగితం బుద్ధిగా అతుక్కుంటుంది. రెండోదాని సీఎఫ్ఎమ్ తక్కువే ఉండొచ్చు!

అలాగని ప్రతివాళ్లూ ప్రెషర్ ఫ్యాన్లకి ఎగబడక్కర్లేదు. అంగుళానికి పది పన్నెండు ఫిన్‌లున్న (గాలి దూరే సన్నటి లోహపు రేకులు) పలచటి రేడియేటర్‌కి మామూలు ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. ఫిన్‌లు ఇరవై దాటాయా, మందం 45, 60 మిల్లీమీటర్లయిందా, అప్పుడు ప్రెషర్ చూసుకోవాలి. మీ వ్యాసంలో ఫిన్‌ల మాటే లేదు.

రేడియేటర్‌కి రెండు వైపులా ఫ్యాన్లు పెడితే చల్లదనం రెట్టింపట! ఒకదాని వెనక ఒకటి పెడితే పెరిగేది ముఖ్యంగా ప్రెషర్, గాలి రెట్టింపు కాదు. మందపాటి రేడియేటర్‌కి తక్కువ స్పీడులో ఉపయోగం ఉంది, పలచటిదానికి రెండు మూడు డిగ్రీలు తగ్గితే గొప్ప. చప్పుడు మాత్రం అదే స్పీడులో మూడు డెసిబెల్స్ పెరుగుతుంది. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా నీళ్లు గది వేడికంటే కిందికి దిగవు కూడా. అసలు లెక్క ఏమంత కష్టం? 300 వాట్ల వేడిని గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కేలా మోసుకుపోవాలంటే, రేడియేటర్ గుండా నిజంగా వెళ్లాల్సింది సుమారు 50 సీఎఫ్ఎమ్. మూడు ఫ్యాన్ల మీద పంచితే ఒక్కోదానికి పదిహేడు. దానికోసం 2000 ఆర్‌పీఎమ్‌తో ఊదరగొట్టాలా? స్పీడు రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే, తినే కరెంటు మాత్రం ఎనిమిది రెట్లు.

రెండు వైపులా కలిపి ఆరు ఫ్యాన్లనీ మదర్‌బోర్డు మీద ఒకే కనెక్షన్‌కి తగిలించమన్న సలహా అన్నిటికంటే ప్రమాదం. చాలా బోర్డుల్లో ఆ కనెక్షన్ పరిమితి ఒక్క ఆంపియర్. ఒక్కో ఫ్యాన్ 0.3 ఆంపియర్ తీసుకుంటే ఆరింటికి 1.8. కాలిపోయాక బోర్డు మీరు కొనిస్తారా?

ఒక్క పత్రికని అని ఏం లాభం లెండి, అంతటా ఇదే వరస. మా ఆఫీసుకి వచ్చిన మిషన్లలో ఒకదానికి అచ్చం మీ ఫోటోలోలాగే ఒక ఫ్యాన్ తిరగేసి వచ్చింది. ఫిర్యాదు చేస్తే వచ్చిన సర్వీసు మనిషి మూత కూడా తియ్యకుండా 'ఆన్ అవుతోంది కద సార్' అన్నాడు, కాగితం మీద 'సమస్య లేదు' అని రాసి సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. మూడు సార్లు! చివరికి నేనే నాలుగు స్క్రూలు విప్పి తిప్పి పెట్టాను, పది నిమిషాల పని. త్రాసులో రాయి తగ్గితే తూనికలు కొలతల అధికారులు వస్తారు. మరి ఎంత దూరం నుంచి కొలిచారో చెప్పకుండా అట్ట మీద '20 డెసిబెల్స్' అని రాసేవాళ్లని అడిగే అధికారి ఎవరు? కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికి అక్కర్లేదు, చెప్పాల్సిన పత్రికేమో అట్ట మీదున్నది కాపీ కొడుతుంది.

నాకేదో అన్నీ తెలుసనీ కాదు. 25 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి 30 మిల్లీమీటర్ల స్క్రూలు వాడాల్సింది పోయి, డబ్బాలో చేతికందిన 35వి బిగించి రేడియేటర్ గొట్టానికి కన్నం పెట్టుకున్నవాణ్ణి నేను. ఆకుపచ్చ కూలెంట్ చుక్కలు చుక్కలుగా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంటే ప్లగ్గు పీకడానికి పరిగెత్తిన టెన్షన్ ఇంకా గుర్తుంది. స్క్రూ పొడవు గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క ఉన్నా మిగతా తప్పులన్నీ క్షమించేవాణ్ణి.

మీ పేజీని ఎవరో కత్తిరించి మా ఆఫీసు నోటీసు బోర్డుకి అంటించారు. నిన్న మధ్యాహ్నం చూస్తే, కొత్తగా చేరిన కుర్రాడొకడు దాని ముందు నిలబడి, చేతిలో స్క్రూడ్రైవర్‌తో, నేను సరిచేసిన ఆ మిషన్‌నే మళ్లీ 'సరిచేద్దామని' చూస్తున్నాడు. నేను చెప్పినా నమ్మలేదు, 'పేపర్లో వేశారండీ' అన్నాడు.

కొత్త ఫోటో తీయించే ఖర్చు మీకెందుకు? పాతదే మళ్లీ వేసి, మూడో ఫ్యాన్ మీద ఒక ఇంటూ మార్కు కొట్టండి. ఆ పక్కనే అంటిస్తాను.

ఇట్లు,
మీ పాత చందాదారు