మా అన్నయ్యకు మళ్ళీ అన్నం సహించేలా చేసిన వారికి కృతజ్ఞతలు

మా జిల్లా ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం వైద్యురాలికి, కౌన్సెలర్ గారికి, అక్కడి దంత వైద్యుడు గారికి, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘమైన పాజిటివ్ నెట్‌వర్క్ కార్యకర్తకు మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. అన్నయ్య సమ్మతితోనే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు మాత్రం రాయడం లేదు.

హెచ్‌ఐవీతో జీవిస్తున్న అన్నయ్యకు, పని కోసం వేరే రాష్ట్రం వెళ్ళినప్పుడు మందులు ఆగిపోయాయి. తిరిగి వచ్చేసరికి నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలలాంటి తెల్లటి పూత. కారం మాట దేవుడెరుగు, చల్లారిన గంజి కూడా మింగలేకపోయేవారు. గుటక వేస్తే రొమ్ము ఎముక వెనక మంట పుట్టేది. ఒక ప్రైవేటు దంత వైద్యశాలలో విషయం చెప్పగానే, నోరు తెరవమని కూడా అడగకుండా పంపించివేశారు.

ప్రభుత్వాసుపత్రి దంత వైద్యుడు గారు మాత్రం రోగులందరికీ వేసుకునే చేతి తొడుగులే వేసుకుని, గాజుగుడ్డతో ఆ పూతను మెల్లగా తుడిచి చూశారు. తెలుపు ఊడివచ్చి, కింద ఎర్రగా, పచ్చిగా ఉన్న పొర బయటపడింది. ఇది కాండిడా అనే శిలీంధ్రం పని అని, నాలుక అంచున తుడిచినా పోని తెల్లటి చారలు ఉంటే అవి వేరే వైరస్ వల్ల వచ్చేవని ఓపికగా వివరించి, వెంటనే ఏఆర్‌టీ వైద్యురాలికి ఫోన్ చేశారు. మింగేటప్పుడు నొప్పి ఉందంటే జబ్బు అన్నవాహికలోకి దిగి ఉండవచ్చని, అప్పుడు నోటిలో పూసే మందు చాలదని ఆమె శిలీంధ్రాన్ని అణచే ఫ్లుకొనజోల్ మాత్రలు మొదలుపెట్టారు. నొప్పి తగ్గినా 14 నుంచి 21 రోజులు వాడవలసిందేనని గట్టిగా చెప్పారు. రోగనిరోధక శక్తిని తెలిపే సీడీ4 కణాల లెక్క 200 కన్నా తక్కువ రావడంతో, వేరే ఇన్ఫెక్షన్లు సోకకుండా కోట్రైమాక్సజోల్ కూడా ఇచ్చారు. పూత తిరగబెట్టకుండా ఆపేది చివరికి ఏఆర్‌టీ మందే కనుక, పాత కేంద్రంతో మాట్లాడి, కాగితాలు తెప్పించి, ఆ మందులు మళ్ళీ అందేలా చూసిన కార్యకర్త రుణం మేము తీర్చుకోలేనిది.

వైద్యం నిరాకరించడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం వివక్షేనని, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చని కౌన్సెలర్ గారు చెప్పేవరకు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అవమానంతో తల వంచుకుని వెళ్ళిన అన్నయ్య, ఆ మాట విన్నాక సూటిగా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

ఇప్పుడు పప్పన్నం తింటున్నారు. ఆవకాయ జోలికి మాత్రం వదిన ఇంకా వెళ్ళనివ్వడం లేదు. పళ్ళ పరీక్షకు ఈసారి ఎవరి తోడూ లేకుండా తానే వస్తానన్నారని దంత వైద్యుడు గారికి తెలియజేస్తున్నాను.