పెట్టె పోలిక లిస్టుల దగ్గర చెల్లదు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో ధారావాహికగా వస్తున్న పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలను నా విద్యార్థులు కత్తిరించి దాచుకుంటున్నారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక రాయబోయేదంతా ఫిర్యాదే. లిస్టుల (విలువలను వరుసగా పేర్చి ఉంచే అమరికల) పాఠంలో మీరు 11 మెథడ్ల, అంటే లిస్టుకు చెప్పే పనుల, పట్టిక వేశారు. అపెండ్ మొదలుకొని కాపీ దాకా అన్నీ ఉన్నాయి, వివరాల్లో తప్పేమీ లేదు. కానీ పట్టిక పైన 'వేరియబుల్ అంటే విలువను దాచే పెట్టె' అన్న పాత వాక్యాన్నే మళ్లీ అచ్చు వేశారు. నా పేచీ దానితోనే.

అంకెలు, స్ట్రింగుల (అక్షరాల వరుసల) పాఠాలు నడిచినంత కాలం ఆ వాక్యంతో చిక్కు రాదు. అవి పుట్టాక మారని విలువలు. స్ట్రింగును పెద్ద అక్షరాల్లోకి మార్చమంటే పైథాన్ పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త స్ట్రింగు ఇస్తుంది. లిస్టు అలా కాదు, ఉన్నచోటే మారుతుంది. ఈ మూడు వరుసలు చూడండి (అపెండ్ అంటే లిస్టు చివర చేర్చడం):

అసలు = [10, 20, 30]
నకలు = అసలు
నకలు.అపెండ్(40)

(వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవడానికి 2008లో విడుదలైన పైథాన్ 3 నుంచీ వీలుంది. మెథడ్ల పేర్లను మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేయాలి.)

ఇప్పుడు 'అసలు'ను ప్రింట్ చేస్తే? రెండు పెట్టెలున్నాయని నమ్మినవారు మూడు అంకెలే వస్తాయంటారు. నాలుగు వస్తాయి. రెండో వరుసలో కొత్త లిస్టేదీ పుట్టలేదు, ఉన్న లిస్టుకే ఇంకో పేరు పెట్టాం, అంతే. ప్రతి విలువకూ ఉండే గుర్తింపు సంఖ్యను చెప్పే ఐడి ఫంక్షన్‌కు రెండు పేర్లనూ విడివిడిగా ఇచ్చి చూడండి, ఒకే సంఖ్య వస్తుంది. విడి ప్రతి కావాలంటే అసలు.కాపీ() అని అడగాలి. మీ పట్టికలో కాపీ ఎదురుగా 'ప్రతిని ఇస్తుంది' అని రాశారు. అది ఎవరికి, ఎప్పుడు అక్కరకొస్తుందో ఒక్క ముక్క లేదు.

ఇది అర్థం కాని విద్యార్థి లిస్టు లోపల లిస్టులుండే చోట మరీ తికమక పడతాడు. ఆటల ప్రోగ్రాముల్లో గళ్ల పలక కోసం చాలామంది [[0]*3]*3 అని రాస్తారు. ప్రింట్ చేస్తే సున్నాల మూడు వరసలు చక్కగా కనిపిస్తాయి. మొదటి వరసలో మొదటి గడిని 1 చేస్తే మాత్రం మూడు వరసల్లోనూ మొదటి గడి 1 అయిపోతుంది. అక్కడున్నది మూడు సార్లు చూపించిన ఒకే వరస. కంప్యూటర్ చెడిందని నా దగ్గరకు వచ్చేవారిలో సగం మంది గొడవ ఇదే! లూపులో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చోట) ఒక్కో వరసనూ కొత్తగా తయారుచేసి చేర్చుకుంటే ఈ బాధ ఉండదు. కాపీ మెథడ్ కూడా పై లిస్టునే కొత్తగా ఇస్తుంది, లోపలి వరసలు పాతవే. వాటికీ ప్రతులు కావాలంటే, సిద్ధంగా ఉన్న ఫంక్షన్ల కట్ట అయిన కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ ఉంది.

సార్ట్ సంగతీ ఇంతే. మార్కులు = మార్కులు.సార్ట్() అని రాస్తే లిస్టు వరుస క్రమంలోకి వస్తుంది, 'మార్కులు' అన్న పేరు మాత్రం ఆ లిస్టును వదిలి నన్ అనే శూన్య విలువకు అంటుకుంటుంది. సార్ట్ ఉన్న లిస్టునే సర్దుతుంది, చేతికి ఏమీ ఇవ్వదు. అపెండ్, వరసను తిరగేసే రివర్స్ కూడా అంతే. పాప్ ఒక్కటి తీసేసినదాన్ని తిరిగి ఇస్తుంది. సర్దిన కొత్త లిస్టు కావాలంటే సార్టెడ్ అనే ఫంక్షన్ వేరే ఉంది. మీ పట్టికకు 'లిస్టును మారుస్తుందా?', 'ఏమిస్తుంది?' అని రెండు గడులు కలిపితే ఈ తేడా చూడగానే తెలిసేది.

తర్వాతి పాఠం డిక్షనరీల (పేరు, విలువ జంటలుగా దాచే అమరికల) మీద అని ప్రకటించారు. అవీ ఉన్నచోటే మారేవే కాబట్టి, పెట్టె వాక్యాన్ని ఈసారికి తీసేసి పై మూడు వరుసలను ప్రశ్నగా వేయండి. దానితో పాటు ఇంకొకటి: [28, 31, 76, 40] అనే లిస్టు మీద ఫర్ లూపు నడుపుతూ, 35 కన్నా తక్కువైన ప్రతి అంకెనూ అదే లిస్టులోంచి రిమూవ్‌తో తీసేస్తే చివరికి మిగిలేది [31, 76, 40]. ఆ 31 ఎందుకు తప్పించుకుందో పాఠకులనే రాసి పంపమని అడగండి, జవాబులు తర్వాతి సంచికలో వేయండి.

— కొత్తవారికి ప్రోగ్రామింగ్ నేర్పే ఒక ఉపాధ్యాయురాలు