ఏరుకొచ్చే కూరలకూ రైతు బజార్లో చోటివ్వండి

సంపాదకులకు,

వినాయక చవితి ముందు రోజు తుమ్మికూర కోసం సగం ఊరు తిరుగుతాం. దొరికితే ఎంతకైనా కొంటాం. మిగతా వానాకాలమంతా అదే తుమ్మి, గంగవాయిలి, పొన్నగంటి అమ్మే ఆడవాళ్లు రైతు బజారు గేటు బయట, ఆటోలు ఆగే చోట గోనెసంచి పరుచుకుని కూర్చుంటారు. లోపల కూర్చోవాలంటే కార్డు ఉండాలి. కార్డు రావాలంటే కూరగాయలు పండిస్తున్నట్టు అధికారులు ధ్రువీకరించాలి. వీళ్లు పండించరు, చేలల్లో, ఒరాల మీద ఏరుకొస్తారు. మధ్యలో దళారీ ఉండొద్దని 1999లో పెట్టిన బజార్లు ఇవి. ఏరిన మనిషే స్వయంగా అమ్ముకుంటానంటే బయటికి పొమ్మనడం ఏం న్యాయం?

ఈ కూరల విలువ తక్కువేం కాదు. గంగవాయిలిలో ఆకుకూరల్లో అరుదైన ఒమేగా-3 కొవ్వు ఉంది. పొన్నగంటిలో బీటా కెరోటిన్ ఉంది కాబట్టి కంటికి మంచిదని పెద్దలు ఊరికే అనలేదు. అలాగని పప్పులో వేసుకునే ఆకును మందు చేసెయ్యొద్దు. గంగవాయిలిలో ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగి తినాలి. ఆకు రసంతో షుగర్ పోతుందనే వీడియోలు నమ్మి మాత్రలు మానేసేవాళ్లను చూస్తే టెన్షన్‌గా ఉంటుంది.

అమ్మేవాళ్లకున్న తెలివిడి ఆ వీడియోల్లో ఉండదు. గంగవాయిలిని పోలిన ఎర్రకాడ మొక్క ఒకటి నేలబారుగా పాకుతుంది. కాడ తుంచి పాలు కారితే అది గంగవాయిలి కాదని, పారెయ్యమని వాళ్లే చూపిస్తారు.

అసలు ముప్పు గడ్డిమందుతో వచ్చింది. ఒకప్పుడు కలుపు తీసే కూలీలు సాయంత్రం ఒడి నిండా కూరతో ఇంటికొచ్చేవాళ్లు. ఇప్పుడు పత్తి చేలల్లో కలుపు తీసే పనీ తగ్గింది, కూరా మాడిపోయింది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడొద్దని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఊళ్లలో స్ప్రేయర్ వీపున వేసుకున్నవాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసు? (బతుకమ్మకు గునుగు పువ్వు కరువైందని బాధపడేవాళ్లూ ఒకసారి చేలవైపు చూడాలి. దాని లేతాకు కూడా కూరే.)

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చేలో వాటంతటవే మొలిచే ఇలాంటి కూరలను కాపాడుకుంటూ వస్తున్నారు. వాళ్ల పాత పంటల జాతరకు వెళ్లి మెచ్చుకునే అధికారులు తమ జిల్లా బజార్లలో రెండు గద్దెలు ఇవ్వలేరా? వానాకాలం మూడు నెలలైనా చాలు. భూమి కాగితం అడగకుండా పంచాయతీ ఇచ్చే ఉత్తరంతో కార్డు ఇవ్వాలి. ఏ చేలో ఏరారో, అక్కడ గడ్డిమందు కొట్టారో లేదో రోజూ అడిగి రాసుకునే పని బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరుకు అప్పగించాలి.

— ఒక పాఠకురాలు, ఉమ్మడి వరంగల్ జిల్లా