భవిత కేంద్రాలకు ఆక్యుపేషనల్ థెరపిస్టులను పంపాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాల్లో పిల్లలకు ఫిజియోథెరపీ చేయిస్తున్న వార్తలు జిల్లా పేజీల్లో చదువుతుంటాను. అది ఎంతో అవసరం. దానితో పాటు మెట్ట మండలాల కేంద్రాలకు వారానికి ఒక రోజైనా ఆక్యుపేషనల్ థెరపిస్టును పంపమని అధికారులను కోరుతున్నాను. ఫిజియోథెరపీ మా మనవడిని నిలబెట్టింది, నాలుగడుగులు వేయించింది. అన్నం తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, పెన్సిలు పట్టడం, మరుగుదొడ్డికి వెళ్లి తనంతట తాను శుభ్రం చేసుకోవడం నేర్పేది ఆక్యుపేషనల్ థెరపీ. మా వైపు ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. ‘నడక వస్తే చాలమ్మా, అన్నం నువ్వు పెట్టవా?’ అంటారు. పెడతాను. నా తర్వాత ఎవరు పెడతారు?

మాది ఉదయగిరి. చెక్క గరిటెలు, చెంచాలు చెక్కి బతికే ఇల్లు. మనవడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కాళ్లూ చేతులూ అదుపులో ఉండవు. కుడి చేతి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటుంది, మణికట్టు తిరగదు. నెల్లూరులో చూపించినప్పుడు థెరపిస్టు వాడి చేతికి రకరకాల వస్తువులు ఇచ్చి చాలాసేపు గమనించారు. చెంచా పిడి లావుగా ఉండాలని, చెంచా మెడ ఎడమ పక్కకు వంగి ఉండాలని చెప్పారు. అలా ఉంటే మణికట్టు తిప్పకుండానే ముద్ద నోటికి అందుతుంది. పాదాలు నేలకు ఆనేలా కుర్చీ ఎత్తు తగ్గించమన్నారు. కాళ్లు వేలాడుతుంటే నడుము నిలవదు, నడుము నిలవకపోతే చేతికి పట్టు రాదు. ఇంటికి వచ్చి బిక్కి చెక్కతో ఆ కొలతకు చెంచా చెక్కాను. మొదట్లో సగం అన్నం ఒళ్లోనే పడేది. ఇప్పుడు పెరుగన్నం వాడే తింటున్నాడు. చారన్నం ఇంకా కష్టమే.

పిల్లవాడు ఎదుగుతుంటే చెయ్యి మారుతుంది, చెంచా మారాలి, కుర్చీ మారాలి. మళ్లీ మళ్లీ చూడాల్సిందే. నెల్లూరులో దివ్యాంగులకు థెరపీ, శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం, సీఆర్‌సీ, ఉండడం మన జిల్లా అదృష్టం. కానీ ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఎక్కువ దూరం నడవలేని పిల్లవాడిని చంకనేసుకుని బస్సెక్కితే ఆ రోజు పని పోయినట్టే, మర్నాడు పిల్లవాడు ఒళ్లు నొప్పులతో లేవలేడు.

కాళ్లూ చేతులూ బాగానే ఉన్న పిల్లలకు కూడా ఈ థెరపీ అవసరమని చాలామందికి తెలియదు. మిక్సీ చప్పుడుకు చెవులు మూసుకుని పరుగెత్తే ఆటిజం పిల్లలున్నారు. అక్షరాలు తెలిసినా వేళ్లు అలిసిపోయి రాయలేని పిల్లలున్నారు. వాళ్లకు మొండి అనో బద్ధకం అనో పేరు పెట్టేస్తాం. ఇక వయసుకు వచ్చిన ఆడపిల్లల తల్లుల బాధ చెప్పనక్కర్లేదు. నెలసరి రోజుల్లో శుభ్రత, ఒంటరిగా బస్సెక్కడం, చిల్లర లెక్క చూసుకోవడం, చేతనైన పనిలో కుదురుకోవడం, ఇవన్నీ కూడా ఈ థెరపీలో నేర్పేవే. పద్దెనిమిదేళ్లు నిండిన వారిని బడి వదిలేస్తుంది. ఆ వయసు వారిని కూడా భవిత కేంద్రానికి రానివ్వాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం, అభ్యసన వైకల్యాలు అందులో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు అని, 18 ఏళ్ల దాకా తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. సహాయక పరికరం అంటే మూడు చక్రాల సైకిలు ఒక్కటే కాదు. లావు పిడి చెంచా, వాలుగా ఉండే రాత బల్ల కూడా.

థెరపిస్టు రోజూ ఉండనక్కర్లేదు. వచ్చిన రోజు పిల్లలను చూసి, ఇంట్లో ఏం చేయించాలో తల్లులకు, ప్రత్యేక ఉపాధ్యాయులకు చేసి చూపిస్తే మిగతా రోజులు మేం చేయించుకుంటాం. కలెక్టరు గారు, సమగ్ర శిక్ష అధికారులు ఈ విద్యా సంవత్సరంలోనే ఏర్పాటు చేయాలి. ఒక్కో బిడ్డ చేతికి తగిన కొలత రాసిస్తే చెంచాలు మా ఊళ్లోనే చెక్కిస్తాం. మొదటి విడతకు చెక్క, కూలి నావి.

– ఒక నాయనమ్మ, చెక్క గరిటెల పనివారు,
ఉదయగిరి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా