నా మొదటి ఉద్యోగానికి కారణమైన అన్నకు కృతజ్ఞతలు

మాదాపూర్‌లోని ఒక చిన్న సంస్థ నుంచి జూనియర్ వెబ్ డిజైనర్‌గా నిన్న నాకు ఆఫర్ లెటర్ వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, ఒళ్లు అలసిపోయి ఉంది, అయినా ఇది ఇప్పుడే రాయాలి. అమ్మానాన్నలు, అన్నయ్య ఎప్పటిలాగే నా వెంట ఉన్నారు. నేను చెప్పవలసింది చిక్కడపల్లి గ్రంథాలయంలో నా పక్కన కూర్చుని చదువుకునే ఒక అన్న గురించి.

ఆయనకు చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ సాయంతో ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్నారు. నేను వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నానని తెలిసి, నా పనులు చూపించే పోర్ట్‌ఫోలియో సైటు చిరునామా అడిగి తెరిచి, ఒక ఇయర్‌ఫోన్ నా చేతిలో పెట్టారు. లింకులుగా ఉన్న బొమ్మల దగ్గర ఫైలు పేర్లు, ఫారం దగ్గర "ఎడిట్, ఎడిట్" అన్న మాట తప్ప నాకు ఏమీ వినిపించలేదు. ఆ సాయంత్రం ఆయన తన పుస్తకాలు పక్కన పెట్టి, బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ ఎందుకు రాయాలో, ఫారంలోని ప్రతి గడికీ అక్కడ ఏం నింపాలో చెప్పే లేబుల్ ఎందుకు ఉండాలో, అసలైన బటన్ ట్యాగ్ బదులు డివ్ అనే మామూలు ట్యాగ్‌తో చేసిన బటన్ దగ్గరికి ట్యాబ్ కీతో ఎందుకు చేరుకోలేమో నాకు వినిపిస్తూ వివరించారు. తెలుగు పేరాకు కోడ్‌లో దాని భాషను తెలిపే లాంగ్ విలువ 'టీఈ' (తెలుగు) అని పెట్టగానే చదివే గొంతు తెలుగులోకి మారినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నేను మరచిపోలేను.

పరీక్ష దగ్గర పడుతున్నా మరునాడు మళ్లీ కూర్చుని పేజీ మొత్తం విన్నారు. ఏమైనా ఇవ్వబోతే, "డబ్బులొద్దు చెల్లెమ్మా, ఉద్యోగం వచ్చాక నువ్వు చేసే ప్రతి ఫారానికీ లేబుల్ పెట్టు, చాలు" అన్నారు. అక్కడే ఏడ్చేశాను.

ఇంటర్వ్యూలో నా సైటు మొత్తాన్ని మౌస్ ముట్టుకోకుండా నడిపి చూపించాను. వాళ్లు ఎక్కువసేపు అడిగింది దాని గురించే.

ఒక మాట చెప్పక తప్పదు. అమీర్‌పేటలో ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని చెప్పి నాన్న దగ్గర ఫీజు మొత్తం ముందే కట్టించుకున్న శిక్షణ సంస్థలో ఈ విషయాల గురించి ఒక్క పూట కూడా పాఠం జరగలేదు. ఫ్రెషర్లు కావాలని ప్రకటించిన చోట రెండేళ్ల అనుభవం అడిగారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చి, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతున్నా, బొమ్మలోని అక్షరాలు చూసి టైపు చేయమనే ఒక్క గడి వల్ల ఆ అన్న తన దరఖాస్తును ఇంకొకరి చేత నింపించుకోవలసి వస్తోంది. ఇది అన్యాయం.

తన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అన్నా, మీకు నేను రుణపడి ఉంటాను.

హడావిడిలో కొందరిని వదిలేశాను, క్షమించాలి: కోడ్‌లో చేసిన మార్పులను దాచి ఉంచే గిట్ నేర్పిన క్లాస్‌మేట్‌కు, నెట్ లేని రోజుల్లో తన హాట్‌స్పాట్ ఇచ్చిన హాస్టల్ అక్కకు, ఎండీఎన్ అనే సైటులో వెబ్ పాఠాలను ఉచితంగా రాసి పెడుతున్న వారందరికీ కృతజ్ఞతలు. గ్రంథాలయంలో ప్లగ్ పాయింట్ ఉన్న బల్ల నాకోసం ఆపి ఉంచిన అటెండర్ బాబాయ్‌కి కూడా.