దసరాకు బండి కడిగించే ముందు

సంపాదకులకు,

ఆయుధపూజ దగ్గరపడితే వాటర్ వాష్ సెంటర్ల ముందు బళ్లు బారులు తీరతాయి. ఆ రోజుల్లో చెలామణీ అయ్యే చిట్కాల్లో ఒకటుంది: ఆర్వో మెషీన్ వదిలే నీళ్లు పారబోయకుండా వాటితో బండి కడుక్కోమని. నీటి పొదుపు మంచిదే, కానీ ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోవాలి తప్ప బండి ట్యాంకు మీద పోయకూడదు. మన బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 800 ఉందనుకోండి. మూడు లీటర్లలో ఒక లీటరు మంచినీళ్లు తీసుకుని మెషీన్ రెండు లీటర్లు బయటికి వదిలితే, ఆ రెండింటిలో టీడీఎస్ దాదాపు 1,200కు చేరుతుంది. తీసేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. ఎండలో ఆ నీటిబొట్టు ఆరితే కాల్షియం తెల్లటి మచ్చగా మిగులుతుంది. అలాగే వదిలేస్తే గట్టిపడి షాంపూకు కూడా లొంగదు. కొత్త మచ్చయితే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం అద్ది, వెంటనే మామూలు నీళ్లతో కడిగేస్తే పోతుంది. చివరి కడుగుడికి వాన నీళ్లు గానీ, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు గానీ పట్టి పెట్టుకుంటే మచ్చల బెడదే ఉండదు, వాటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి.

అసలు బండి మెరుపు రోడ్డు మీద కంటే కడిగే చోటే ఎక్కువ పోతోంది. రంగు మీద ఉండే క్లియర్ కోట్ మన తలవెంట్రుక కంటే పలచన. దుమ్ములోని ఇసుక రేణువులు దానికంటే గట్టివి. పొద్దున్నే పొడిగుడ్డతో ట్యాంకు దులపడమంటే ఆ ఇసుకతో ట్యాంకును గీకడమే. నల్లబండిని ఎండలో నిలబెడితే సాలెగూడులా కనిపించే సన్నటి గీతలు అలా పడ్డవే. గుడ్డ మెత్తగా ఉందా గరుకుగా ఉందా అన్నది తర్వాతి మాట, ముందు నీళ్లు పోయాలి.

ఇంట్లో కడుక్కునేవారికి పద్ధతి ఇది. ఇంజన్ చల్లారాక, నీడలో మొదలుపెట్టాలి. వేడి సైలెన్సర్ మీద నీళ్లు కొడితే క్రోమ్ మీద మరకలు కడతాయి. సైలెన్సర్ మూతికి, తాళం రంధ్రానికి ప్లాస్టిక్ కవరు చుట్టాలి. పైనుంచి కిందికి పలచగా నీళ్లు పోసి మట్టిని నాననివ్వాలి. బకెట్లు రెండు కావాలి. ఒకదానిలో ఐదు లీటర్ల నీళ్లకు 15–20 మిల్లీలీటర్ల కార్ షాంపూ, డబ్బా మీద వేరే కొలత ఉంటే ఆ కొలత. రెండోదానిలో ఉత్త నీళ్లు, గుడ్డను ప్రతిసారీ అందులో జాడించాకే షాంపూలో ముంచాలి. ట్యాంకు, డూమ్ (హెడ్‌లైట్ తొడుగు), సైడ్ ప్యానెళ్లు ముందు, చక్రాలు, ఇంజన్ అడుగు చివర. చక్రాలకు వాడిన గుడ్డ మళ్లీ ట్యాంకు మీదికి రాకూడదు. షాంపూ ఆరకముందే కడిగేసి, మైక్రోఫైబర్ గుడ్డతో నీళ్లు అద్ది తీయాలి. ఆఖరున కవర్లు తీసేసి, బండిని కాస్త దూరం నెమ్మదిగా నడిపి బ్రేకులు రెండు మూడుసార్లు వేస్తే డిస్కులు ఆరతాయి. చైన్‌కు లూబ్ ఆ తర్వాతే, అదీ ఇంజన్ ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ.

బట్టల సబ్బు పొడి వద్దు. అందులోని క్షారం వ్యాక్స్‌ను ఊడ్చేస్తుంది, అల్యూమినియం భాగాలను మసకబారుస్తుంది.

వాష్ సెంటర్లో అయితే ముందే రెండు మాటలు చెప్పాలి. ఒకటి, నీళ్లు కొట్టే గన్‌ను కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగు), చక్రాల బేరింగులు, స్విచ్చుల మీదికి దగ్గరగా పెట్టొద్దని. ఒత్తిడికి నీళ్లు లోపలికి దూరి గ్రీజును తోసేస్తాయి, కొన్నాళ్లకు హ్యాండిల్ బిగుసుకుంటుంది, బేరింగులో తుప్పు పడుతుంది. రెండు, కడిగాక డీజిల్ కొట్టొద్దని. ఆ మెరుపు నూనె పొర వల్లే, రెండ్రోజుల్లో దానికి దుమ్మంతా అంటుకుంటుంది. రబ్బరు ఉబ్బుతుంది. అన్నిటికంటే ప్రమాదం, తుంపర బ్రేకు మీద పడితే బండి ఆగదు. టైర్లకు నల్లపాలిష్ రాయించుకునేవాళ్లూ ఉన్నారు. అది కారుకు చెల్లుతుందేమో గానీ, మలుపులో పక్కకు వాలే రెండు చక్రాల బండికి జారుడు పూయడమే.

పూజ అయ్యాక పసుపు, కుంకుమ పొడిగుడ్డతో తుడవకుండా మర్నాడే నీళ్లతో కడిగేయాలి. తెల్ల స్టిక్కర్ల మీద కుంకుమ రంగు దిగితే మళ్లీ పోదు. పూలదండను బైండింగ్ వైరుతో కాకుండా నూలుదారంతో కట్టండి. వైరు కొస ట్యాంకును గీరుతుంది.

ఇక వ్యాక్స్, పాలిష్ ఒకటి కావు. పాలిష్‌లో గరుకు ఉంటుంది, అది క్లియర్ కోట్‌ను అరగదీసి గీతలు మాయం చేస్తుంది. నెలనెలా చేయిస్తే చివరికి రంగే బయటపడుతుంది, ఏడాదికి ఒకసారి మించొద్దు. వ్యాక్స్ మాత్రం రెండు మూడు నెలలకోసారి రూపాయి బిళ్లంత తీసుకుని ట్యాంకంతా పలచగా రాసి, పొగమంచులా తెల్లబడ్డాక తుడిచేయాలి. సీటు, టైర్లు, డిస్కులు, ఫుట్‌రెస్టులకు తగలకూడదు. కొత్తబండికి అంటగట్టే టెఫ్లాన్ కోటింగ్ మీద నాకు నమ్మకం లేదు. పెనం మీద టెఫ్లాన్ అంటుకోవాలంటే 350 డిగ్రీలకు పైగా వేడిలో కాల్చాలి. చేత్తో రుద్దిన పూత మహా అయితే కొన్ని నెలలుండే మంచి వ్యాక్స్‌తో సమానం.

చెట్టు నీడలో నిలిపేవారు మామిడి పూతకొచ్చే కాలంలో జాగ్రత్త. తేనెమంచు పురుగు వదిలే జిగురు ట్యాంకు మీద పడి ఎండుతుంది. పక్షిరెట్టలో ఆమ్లం ఉంటుంది. రెంటినీ గోకకుండా తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి, నానాక ఎత్తేయాలి. భీమిలి, ఉప్పాడ, సూర్యలంక లాంటి సముద్రతీరాల్లో బండి మురికిగా లేకపోయినా వారానికోసారి మంచినీళ్లతో అడుగుభాగం కడగాలి. క్రోమ్‌లో కంటికి కనబడని సందుల్లోంచి ఉప్పుతేమ కింది ఇనుముకు చేరుతుంది. చుక్కల్లా తుప్పు మొదలైతే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచుట్టి నీటిలో ముంచి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, గీత పడదు. వెండిరంగు వేసిన ప్లాస్టిక్ మీద మాత్రం ఇది చేయకండి.

మ్యాట్ (మెరుపు లేని రంగు) బండ్లకు పై వ్యాక్స్, పాలిష్ సలహాలేవీ వర్తించవు. మ్యాట్ అనేది పైపొరలోని గరుకు వల్ల వచ్చే రూపం. రుద్దినచోట నున్నబడి మెరుస్తుంది, ఆ మచ్చ తీయడానికి మందు లేదు, ఆ ప్యానెల్‌కు మళ్లీ రంగు వేయించడమే. ఈ సంగతి బండి ఇచ్చేటప్పుడే షోరూములు చెప్పాలి, వాష్ సెంటర్లో బండి దింపేటప్పుడు యజమానీ చెప్పాలి.

ఇట్లు,
టూవీలర్ పెయింటింగ్ పనిచేసే ఒక పాఠకుడు,
విశాఖపట్నం