పెట్రోలు బిల్లులో ఇంకో రెండు లైన్లు వేయించండి: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
నవంబరు 2025

శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,
కేంద్ర ఆర్థిక మంత్రి, న్యూఢిల్లీ

అమ్మా, నమస్కారం.

మీరు తెలుగు మాట్లాడగా టీవీలో చూశాను. అందుకే ఒడియాలోనో, వచ్చీరాని హిందీలోనో కాకుండా తెలుగులోనే రాస్తున్నాను. బడిలో నేను చదివింది ఒడియా. తెలుగు అక్షరాలు మా అమ్మ ఇంట్లో పలక మీద దిద్దించింది. అచ్చు తప్పులుంటే ఆవిడ ఖాతాలో వేయకండి, నా ఖాతాలోనే వేయండి.

నాకు చిన్న టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట డేగిశాలు, పెళ్లి స్టేజీ సామాను అద్దెకిస్తాను. అవి మోయడానికి ఒక టాటా ఏస్, ఊళ్లో తిరగడానికి ఒక పాత స్కూటరు. ఒకటి డీజిలు, ఒకటి పెట్రోలు. కాబట్టి మీ రెండు పన్నుల్లోనూ నాకు వాటా ఉంది.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు పడ్డప్పుడు రాష్ట్రాల గీత మా గుమ్మం ముందు నుంచే పోయింది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. మా ఇంటి ఆడపడుచులు సగం మంది అటే కాపురాలు చేస్తున్నారు. నా బేరాలు కూడా సగం అటే. పెళ్లి పాతపట్నంలో ఉంటే నా కుర్చీలు ఏరు దాటుతాయి, పర్లాకిమిడిలో ఉంటే వాళ్ల వంటవాళ్లు ఇటు వస్తారు.

వంటవాళ్ల కంటే ఎక్కువగా ఇటు వచ్చేవి మోటారు సైకిళ్లు. పొద్దున్న ఏడింటికి మా వైపు బంకు దగ్గర నిలబడి చూడండి, ఓడీ నంబరు బండ్ల కంటే ఏపీ నంబరువే ఎక్కువ. నాజిల్ పట్టుకున్న కుర్రాడు వచ్చినవాడి మొహం చూసి ‘ఆజ్ఞా, కెతే?’ అంటాడు, పక్క బండి వైపు తిరిగి ‘ఎంతకి బాబాయ్?’ అంటాడు. వాడికి రెండు రాష్ట్రాలూ ఒకే క్యూ. మొన్న ఒకాయన ఇరవై లీటర్ల నూనె డబ్బా తెచ్చాడు. ఇంట్లో చెల్లెలి పెళ్లి, జనరేటరుకట. కుర్రాడు పోయనన్నాడు. ఆయన శుభలేఖ తీసి చూపించాడు. డబ్బాలో పోస్తే ఓనరు నన్ను తీసేస్తాడు, కావాలంటే జనరేటర్నే తీసుకురండి అన్నాడు వాడు. చుట్టూ ఉన్నవాళ్లం నవ్వాం, ఆయన మాత్రం నవ్వలేదు.

ఇదంతా లీటరుకి ఆరేడు రూపాయల కోసం. ఏరు అవతల పెట్రోలు అంత ఎక్కువ. డీజిలుకి తేడా మూడు రూపాయల దాకా ఉంటుంది. అయిదు లీటర్లు పోయించుకుంటే ముప్పై రూపాయలు మిగులుతాయి, వచ్చి వెళ్లడానికి కాలిన పెట్రోలు తీసేస్తే టీ, రెండు ఇడ్లీల డబ్బులు. ఆ మాత్రానికి ఇంత దూరం వస్తారా అని ఢిల్లీలో ఎవరికైనా అనిపించొచ్చు. వస్తారమ్మా. రోజూ వస్తారు.

అవతలా ఇవతలా పెట్రోలు ఒకటే, బంకు మీద కంపెనీ బోర్డూ ఒకటే. మారేది రాష్ట్రం వేసే వ్యాటు. ఒడిశాలో పెట్రోలు మీద 28 శాతం, డీజిలు మీద 24 శాతం. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం, ఆ పైన లీటరుకి 4 రూపాయలు, ఇంకా ఒక రూపాయి రోడ్డు సెస్సు. 2021 నవంబరులో మీరు ఎక్సైజు, అంటే కేంద్రం వేసే పన్ను, తగ్గించినప్పుడు ఒడిశా కూడా తన వంతుగా లీటరుకి 3 రూపాయలు దింపింది, ఆంధ్ర దింపలేదు. ఈ లెక్క మా ఊళ్లో బడి మానేసిన మెకానిక్కి కూడా నోటికి వచ్చు. హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో ఉన్నవాడికి పెట్రోలు ధర ఒక అంకె, అంతే. మాకు మాత్రం ఏటికి అటొక అంకె, ఇటొక అంకె. మధ్యలో ఉన్నది పన్నేనని కళ్లకి కనిపిస్తూ ఉంటుంది. సరిహద్దులో ఉండడం వల్ల మాకు దక్కిన తెలివి ఇదొక్కటే.

అయితే మాకు కనిపించేది రాష్ట్రాల పన్నుల తేడా మాత్రమే. మీ పన్ను అటూ ఇటూ సమానం కాబట్టి అది కనిపించదు. 2025 నవంబరు నాటికి అది పెట్రోలు మీద లీటరుకి 21 రూపాయల 90 పైసలు, డీజిలు మీద 17 రూపాయల 80 పైసలు. 2025 ఏప్రిల్ 8 నుంచి రెండింటి మీదా రెండేసి రూపాయలు పెంచారు. ఆ రోజు బంకులో రేటు మారలేదు. ముడిచమురు చవకైంది కాబట్టి ఆ పెంపు కంపెనీలు భరించాయి, మీకేమీ కాలేదు కదా అన్నారు. మాకు తగ్గాల్సిన రెండు రూపాయలు తగ్గకుండా ఆగిపోయాయని మేమనుకున్నాం. రెండు మాటలూ నిజమే, కానీ రెండోది మాకు ఎవరూ చెప్పలేదు.

2020 కూడా గుర్తుంది. లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు లేవు, నా బండి షెడ్డులో, కుర్చీల మీద వేలెడు దుమ్ము. ప్రపంచంలో చమురు ధర పాతాళానికి పడిపోయిందని రేడియోలో చెప్పారు. బండి బయటికి తీసినప్పుడైనా డీజిలు చవగ్గా వస్తుందని ఆశపడ్డాను. మే నెలలో ఎక్సైజు డీజిలు మీద 31 రూపాయల 83 పైసలకి, పెట్రోలు మీద 32 రూపాయల 98 పైసలకి ఎక్కింది. జూన్ 7 నుంచి మూడు వారాల పాటు దాదాపు రోజూ రేటు పెరిగింది. తర్వాత 2021లో, 2022లో తగ్గించారు, కాదనను. కానీ ధర రోజూ మార్కెట్టుని బట్టి మారుతుందని 2017 జూన్‌లో చెప్పిన మాట ఏమైందో నాకు అర్థం కాదు. పెరగాల్సినప్పుడు రోజూ మారింది. 2022 మే నుంచి 2024 మార్చి దాకా మాత్రం మా బంకు బోర్డు మీద అంకెలకి తుప్పు పట్టింది.

మీ 21 రూపాయల 90 పైసల్లో ఏముందో మా అబ్బాయి ఫోన్లో వెతికి కాగితం మీద రాసిచ్చాడు. మూల ఎక్సైజు సుంకం 1 రూపాయి 40 పైసలు. ప్రత్యేక అదనపు సుంకం 13 రూపాయలు. వ్యవసాయ సెస్సు రెండున్నర. రోడ్డు, మౌలిక సదుపాయాల సెస్సు 5. వీటిలో రాష్ట్రాలకి పంచాల్సిన ఖాతాలో పడేది మొదటిదొక్కటే. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే పదిహేనవ ఆర్థిక సంఘం లెక్కన అందులో 41 శాతం, అంటే 57 పైసలు, రాష్ట్రాలన్నిటికీ కలిపి. అందులో ఒడిశా వాటా 4.528 శాతం. నేను పాత కాలిక్యులేటర్ మీద రెండుసార్లు కొట్టాను. మూడు పైసలు కూడా రాలేదు.

ఇరవై రెండు రూపాయలు కడితే మా రాష్ట్రానికి వాటాగా వచ్చేది మూడు పైసల లోపు. మిగతాది పథకాలుగా, రోడ్లుగా వస్తోందని మీరంటారు. కొంత వస్తోంది కూడా, మా వైపు హైవే పనులు నేనూ చూస్తున్నాను. కానీ బంకులో నాకిచ్చే కాగితం మీద ఇందులో ఒక్క ముక్క లేదు.

నా లేఖ అంతా ఆ కాగితం గురించే. మొన్న మా ఊళ్లో ఒక హోటల్లో రెండు మసాలా దోసెలు తిని బిల్లడిగాను. కింద సీజీఎస్టీ 2.5 శాతం, ఎస్జీఎస్టీ 2.5 శాతం, పైసలతో సహా ఉన్నాయి. బిల్లులో పన్ను విడిగా చూపాలని జీఎస్టీ చట్టం 33వ సెక్షన్ చెబుతోందని మా ట్యాక్సు లెక్కలు చూసే ఆయన చెప్పాడు. కరెంటు బిల్లులో డ్యూటీ విడిగా ఉంటుంది. దోసె మీద అయిదు శాతానికి రెండు లైన్లు ఉన్నాయి. లీటరు పెట్రోలులో నలభై రూపాయలకి పైగా పన్నుంటే ఒక్క లైను లేదు. రేటు, లీటర్లు, మొత్తం, ధన్యవాదాలు, మళ్లీ రండి. అంతే. (రాక ఎక్కడికి పోతాం!)

పోయిన నెల మా మావయ్యకి గుండెలో నొప్పి అంటే విశాఖ తీసుకెళ్లాం. జిల్లా ఆస్పత్రి ఉంది, కానీ పెద్ద పరీక్షలంటే మాకు విశాఖే. గుణుపురం నుంచి వచ్చే రైలుంది, గుండె నొప్పి మనిషిని అందులో కూర్చోబెట్టి డాక్టరు చూసే వేళకి చేరడం కుదిరే పని కాదు. పక్కింటి కుర్రాడి కారు. ‘బండి నాది, ఆయిల్ నీది’ అన్నాడు, మంచివాడు. రానూ పోనూ, ఊళ్లో తిరుగుళ్లతో కలిపి 340 కిలోమీటర్లు. 19 లీటర్ల డీజిలు అయింది. పొద్దున్నే బయల్దేరే ముందు మా వైపే కొట్టించాం. తిరిగొచ్చాక రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. లీటరు 94 అనుకుంటే మీ ఎక్సైజు 17.80, మా రాష్ట్రం వ్యాటు పదిహేడున్నర దాకా. రెండూ కలిపి 35. పంతొమ్మిది లీటర్లకి 665 రూపాయలు. మా మావయ్య ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, కాగితాలన్నీ ఓపిగ్గా చదివిన డాక్టరు గారి ఫీజు 600.

ఈ సంగతి చెప్పగానే మావయ్య, ‘నీకు నా గుండె కంటే డీజిలు లెక్కే ఎక్కువైందిరా’ అన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు లెండి.

విశాఖలో ఉన్నవాడు అదే డాక్టరు దగ్గరికి ఆటోలో వంద రూపాయలతో వెళ్తాడు. మేం కట్టిన పన్ను మా సంపాదనని బట్టి కాదు, మా దూరాన్ని బట్టి. వ్యాటు శాతాల్లో ఉండడంతో ఇంకో చిక్కుంది. మీ ఎక్సైజు కలిపిన ధర మీద రాష్ట్రం శాతం వేస్తుంది, అంటే పన్ను మీద పన్ను. ట్యాంకరు దూరం నుంచి వస్తే ఆ రవాణా ఖర్చు మీద కూడా అదే శాతం పడుతుంది. ఈ విషయంలో ఒక మంచి మాట చెప్పాలి. పోయినేడు అక్టోబరు చివర్లో చమురు కంపెనీలు రాష్ట్రం లోపలి రవాణా ఖర్చుని సర్దినప్పుడు మల్కన్‌గిరి జిల్లా కలిమెలలో పెట్రోలు 4 రూపాయల 55 పైసలు తగ్గింది. అక్కడ మా తోడల్లుడు ఉన్నాడు. ఆ రోజు ఫోన్ చేసి, పండగ బోనస్ వచ్చినట్టుంది బావా అన్నాడు. కాబట్టి తలుచుకుంటే తగ్గుతుందని మాకు తెలుసు.

జీఎస్టీలోకి తెమ్మని అందరూ అడుగుతారు. 2021 సెప్టెంబరు 17న లక్నోలో మీ కౌన్సిలు ఇప్పుడు సమయం కాదని తేల్చింది. నేనైతే ఆ డిమాండు చేయను. రాష్ట్రాలకి సొంతంగా మిగిలిన పెద్ద పన్నులు మద్యం, పెట్రోలు. ఆ రెండోది కూడా తీసేసుకుంటే రేపు మా జిల్లా ఆస్పత్రికి మందులు ఎవరు కొంటారు? సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద పన్ను 28 నుంచి 18కి దింపారు, సంతోషం. కానీ బండి పదేళ్లకొకసారి కొంటాం, ఆయిల్ వారానికి రెండుసార్లు కొట్టిస్తాం.

అన్నట్టు నా స్కూటరు పాతది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది. పాత టూవీలర్లకి దానివల్ల మైలేజీ మూడు నాలుగు శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. రేటులో ఆ మూడు శాతం తగ్గలేదు. ఇంకో లేఖకి సరిపడా విషయం ఇది, వదిలేస్తున్నాను.

నేను అడిగేది చిన్నది. బంకు బిల్లులో మొత్తం అంకె పైన ఇంకో రెండు లైన్లు అచ్చు వేయించండి. కేంద్రానికి ఇంత, రాష్ట్రానికి ఇంత. చోటుంటే కేంద్రం లైను కింద సెస్సు ఎంతో కూడా. ఇది పెట్రోలియం శాఖ పని, చమురు కంపెనీల పని అంటారేమో. రేటు పెంచినప్పుడు ఒక్క రాత్రిలో దేశంలోని మిషన్లన్నిటిలో అంకె మారిపోతుంది. రెండు లైన్లు కలపడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుందని నేననుకోను. ఒక్క పైసా తగ్గించకపోయినా ఇది చేయొచ్చు. రోడ్డు సెస్సు 5 అని బిల్లు మీద చూసినవాడు గుంటలో బండి పడ్డప్పుడు ఏమనుకుంటాడో అన్న టెన్షన్ తప్ప దీనికి మీకయ్యే ఖర్చేమీ లేదు.

విశాఖ ప్రయాణం నాటి బిల్లు ఈ లేఖకి జత చేస్తున్నాను. ఆ కాగితం మీద అచ్చు అప్పుడే వెలిసిపోతోంది, మీ చేతికి చేరేసరికి రేటు కనిపిస్తుందో లేదో. వెనక వైపు నేను పెన్సిల్‌తో వేసిన లెక్క మాత్రం కనిపిస్తుంది. వ్యాటు దగ్గర ఒక అర రూపాయి అటూ ఇటూ ఉండొచ్చు, డీలరు కమిషను కలపాలో తీసేయాలో నాకు తెలియలేదు. మీ ఆఫీసులో ఎవరిచేతనైనా దిద్దించి, ఈ కింది అడ్రసుకి తిప్పి పంపించండి.

ఇట్లు,
ఒక టెంట్ హౌస్ వాడు,
పర్లాకిమిడి